మాఘమాసపు బడలికయు, మధ్యాహ్నపు టెండయు

సంక్రాంతి గడచినది. వరికుప్పలు నూర్చుట ముగిసి ధాన్యము గాదెలకు చేరినది. పని తగ్గిన ఈ దినములలోనే “ఒళ్లు బరువుగా నున్నది, నడుము లాగుచున్నది” అను మాట గ్రామములలో తరచుగా వినుచున్నాము. క్రిందటి సంవత్సరము మన సంఘ సభ్యులొకరు తమ కోడలు సోమరి యని మాతో చెప్పిరి. ఆమె దినమంతయు ఇంటిలోపలనే కూర్చుండి కుట్టుపని చేయును. పీటమీదినుండి లేవవలెనన్న మోకాలిపై చేయి ఊనవలసివచ్చెడిది. వైద్యుడు రక్తము పరీక్షింపించగా ‘డి’ విటమిను మిక్కిలి తక్కువగా నున్నట్లు తేలెను. ఇంటివారు సోమరితనమనుకొన్నది వ్యాధియే.

ఈ విటమినును శరీరము చాలవరకు తానే తయారు చేసికొనును. ఎండలోని కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు చర్మమునకు తగిలినపుడు అది పుట్టును. పిమ్మట కాలేయమునందును, మూత్రపిండములయందును మార్పుచెంది పనికి వచ్చును. ఆహారములోని కాల్షియమును ప్రేవులనుండి రక్తములోనికి చేర్చుట దాని ముఖ్యకార్యము. చేనిలో ఎరువు చల్లినను తడి లేనిచో పైరు దానిని గ్రహింపజాలదు గదా! నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. కాని ‘డి’ విటమిను కొరవడినచో అందు చాలభాగము వ్యర్థమగును. అప్పుడు ఎముకలు మెత్తబడును, కండరములు సత్తువ తప్పును.

బ్రిటను వంటి ఉత్తర దేశములలో అక్టోబరు మొదలు మార్చి తొలినాళ్లవరకు ఎండకు ఈ శక్తి చాలదు. వేసవిలో కూడబెట్టిన నిలువ చలికాలాంతమునకు తరిగిపోవును. మనకు అట్టి కొదువ లేదు. అయినను ఎండ వాకిట నుండగా మనము ఇంటిలో నుందుము. లేదా చలికి ఒళ్లంతయు కప్పుకొని తెల్లవారుజామున చలికాగుదుము. ఉదయపు లేయెండ హాయిగొల్పునే గాని ఈ పనికి అంతగా రాదు. గుర్తు సులభము: మన నీడ మన నిలువుకంటె పొట్టిగా నున్న వేళయే తగిన వేళ. మాఘమాసమున అది రమారమి 11 గంటలనుండి 2 గంటలవరకు ఉండును. ముఖము, చేతులు, కాళ్లు ఎండకు తగులునట్లు అర్ధగంట కూర్చుండి, చర్మము చుఱుక్కుమనకముందే నీడకు చేరవలెను. నల్లని చర్మమునకు కొంచె మెక్కువసేపు పట్టును. కిటికీ అద్దము ఈ కిరణములను ఆపివేయును. వేసవి వచ్చిన పిమ్మట మాత్రము నడిమధ్యాహ్నపు టెండలో కూర్చుండరాదు, వడదెబ్బ తగులును.

ఆహారమున ఇది కొలదిగనే దొరకును: కవళ్లు, కానాగంతలు వంటి కొవ్వుగల చేపలలోను, గ్రుడ్డు పచ్చసొనలోను ఉన్నది. పెద్దలకు దినమునకు 600 యూనిట్లు వలయునని 2020లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయించినది. మామూలు పాలలో ఇది మిక్కిలి స్వల్పము. విటమినులు చేర్చిన పాల సంచిపై ‘ప్లస్ ఎఫ్’ అను గుర్తుండును.

ఒక హెచ్చరిక. బడలిక యంతయు ‘డి’ లోపము కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. కావున రెండింటికిని పరీక్ష చేయించుట మేలు. ఎవరో చెప్పిరని సూదిమందులు, మాత్రలు వాడరాదు; ఈ విటమిను మితిమీరినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును.

ఆ కోడలు వైద్యుడిచ్చిన మందు కొన్ని నెలలు వాడినది. కుట్టుపనిని మధ్యాహ్నవేళ వాకిటికి మార్చుకొన్నది. ఇప్పుడు చేయి ఊనకుండ లేచుచున్నది. ఇంటిలో నొకరు అలసినామన్నచో, సోమరులనుటకు ముందు వారు ఎండ చూచి ఎన్నాళ్లయినదో విచారింపుడని సభ్యులకు మా మనవి.