డాబా మీద టైల్స్ వేయించే ముందు



2025 ఆగస్టు 27, వినాయక చవితినాడు కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టి మీకు గుర్తుండే ఉంటుంది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజు వ్యవధిలో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అంతటి వాన ఏటా రాదు, నిజమే. కాని కామారెడ్డిలో గాని, ఎల్లారెడ్డిలో గాని ఇల్లు కారడానికి నాలుగు రోజుల ముసురు చాలదూ? గోడ చెమ్మగిల్లగానే మనం అనే మాట ఒకటే: "పైన టైల్స్ వేయించేస్తే సరి!"

అక్కడే పొరపడుతున్నాం. టైలు నీళ్లు పీల్చకపోవచ్చు, సందులు పీలుస్తాయి. ఎండకు టైలు సాగుతుంది, వాన పడగానే ముడుచుకుంటుంది. ఆ లాగుడుకు సందులోని సిమెంటు వెంట్రుకవాసి చిట్లినా చాలు, నీరు కిందికి దిగుతుంది. దిగిన నీరు తొందరగా ఆరదు. స్లాబులోని ఊచలకు తుప్పు పట్టి, ఆ తుప్పు ఉబ్బి, పెచ్చులు ఊడతాయి. కింద పిల్లలు పడుకుని ఉంటే ఏం కాను?

నీటిని ఆపవలసింది టైలు కాదు, దాని కింది పూత. వెనకటివాళ్లు సున్నం, ఇటుక పొడి, కరక్కాయ, బెల్లపు నీళ్లతో మిద్దెను గట్టి చేసుకున్నది ఇందుకే.

కాబట్టి వరస తప్పకండి. మొదట పగుళ్లు పూడ్పించండి. తరువాత నీరు గొట్టం వైపు పోయేలా పది అడుగులకు అంగుళంపావు వాటం పెట్టించండి. పిట్టగోడ మొదట్లో మూలను గుండ్రంగా తిప్పించి, నీరాపు పూతను గోడ మీదికి అడుగు ఎత్తు దాకా ఎక్కించమనండి. ఎక్కువగా కారేది ఆ మూలలోనే.

పూత ఆరాక గొట్టం మూసి, రెండంగుళాల నీరు కట్టి రెండు రోజులు ఉంచండి. కింద గదిలోకి వెళ్లి మూలమూలా చూడండి. చెమ్మ కనబడకపోతేనే టైల్స్. అవైనా జారనివి కావాలి, మధ్య సన్నని సందు వదలాలి.

"ఎందుకమ్మా, నేను చూసుకుంటాగా" అంటాడు మేస్త్రీ. మీరు మాత్రం మెత్తబడకండి. ఆ రెండు రోజులు ఓపిక పట్టకపోతే, రేపు టైల్స్ పగలగొట్టించే ఖర్చూ మనదే!