చైన్ మిషన్ బురదలో ఎందుకు దిగబడదు?

ఖమ్మం జిల్లా వైరా, పాలేరు ఆయకట్టులో వరి కోతల వేళ వాన పడిందంటే, రైతులు టైర్ల హార్వెస్టర్‌ను పక్కనపెట్టి, రబ్బరు పట్టాల మీద నడిచే హార్వెస్టరైన చైన్ మిషన్ కోసం ఫోన్లు చేస్తారు. టైర్లు కూరుకుపోయే మడిలో చైన్ ఎలా నడుస్తుంది?

బరువు ఎంతన్నది ఒక్కటే కాదు, ఆ బరువు ఎంత నేల మీద పరుచుకుంటుందన్నదే అసలు సంగతి. మిషన్ 3,000 కిలోలు అనుకుందాం. ఒక్కో రబ్బరు పట్టా 40 సెంటీమీటర్ల వెడల్పున, 150 సెంటీమీటర్ల పొడవున నేలను తాకితే, రెండూ కలిపి 12,000 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు పడేది పావు కిలో! నిలబడ్డ మనిషి పాదాల ఒత్తిడి కూడా ఇంచుమించు ఇంతే.

మంచు మీద తిరిగే స్నోమొబైల్‌దీ ఇదే సూత్రం. కెనడాలో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1959లో ‘స్కీ-డూ’ అనే చిన్న బండిని అమ్మకానికి తెచ్చాడు. ముందున్న రెండు స్కీలు, అంటే మంచు మీద జారే పలకలు, దారి మళ్లిస్తాయి, వెనకున్న పట్టా బండిని తోస్తుంది. గట్టిగా చదును చేసిన బాటలో పొట్టి పట్టా అయితే చురుగ్గా మలుపు తిరుగుతుంది. బాట దిగి మెత్తటి లోతు మంచులోకి వెళ్లాలంటే పొడవాటి పట్టా, దానికి ఎత్తయిన పళ్లు కావాలి. రెండు చోట్లా తిరిగే బండికి మధ్యరకం పట్టా వేస్తారు. నాకు బాగా నచ్చిన తెలివైన సర్దుబాటు అదే.

మన చైన్ మిషన్‌కు ఆ వెసులుబాటు లేదు. తారురోడ్డు మీద నడిపితే రబ్బరు పళ్లు త్వరగా అరిగిపోతాయి. అందుకే దాన్ని లారీ ఎక్కించి ఊరూరికీ తీసుకెళ్లి, పొలం దగ్గర దించుతారు.