వంకర వెన్ను.. వరస తప్పని స్వింగ్

హైదరాబాద్ శివారు జల్‌పల్లి గల్లీల్లో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి పెరిగిన కుర్రాడి చేతికి గోల్ఫ్ స్టిక్ ఇచ్చి చూడండి. సిక్సర్ కొట్టబోతున్నట్టు భుజాలతో బాదుతాడు. బంతి పక్కదారి పడుతుంది, లేదంటే మట్టి లేస్తుంది. బలం చాలక కాదు, వరస తప్పడం వల్ల.

మంచి స్వింగ్‌లో బంతి వైపు ముందుగా తిరిగేది నడుము. దాని వెనక ఛాతీ, ఆపైన చేతులు, అన్నిటికన్నా ఆఖర్న క్లబ్ (గోల్ఫ్ స్టిక్). ఒకటి నెమ్మదించేకొద్దీ దాని వేగం తర్వాతిదానికి అందుతుంది. క్లబ్ ఇంకా వెనక్కి వెళ్తూ ఉండగానే నడుము ముందుకు మళ్లాలి. నేర్చుకునేవాళ్లకు కొరుకుడు పడనిది ఇదే. క్లబ్ వెనక్కి వెళ్లడానికి పట్టే సమయం, కిందికి దిగడానికి పట్టే సమయానికి సుమారు మూడింతలు ఉంటుంది. ఇంతా చేసి, 46 గ్రాములైనా లేని ఆ బంతిని క్లబ్ అంటిపెట్టుకుని ఉండేది సెకనులో దాదాపు 2000వ వంతు! బంతి ఎటు బయల్దేరాలో ప్రధానంగా తేల్చేది ఆ క్షణాన క్లబ్ ముఖం ఎటు తిరిగి ఉందన్నదే. దిద్దుకుందామన్నా అప్పటికి వ్యవధి ఉండదు.

దీనికంతటికీ తీర్చిదిద్దిన ఒళ్లే కావాలనేవాళ్లు గోల్ఫర్ సాహిత్ తీగల ఆట చూడాలి. హైదరాబాద్ నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన తెలుగు దంపతుల బిడ్డ. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్ ఉంది. అతని స్వింగ్ పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉండదు. అయినా పెప్పర్‌డైన్ యూనివర్సిటీకి ఆడుతూ 2020లో కాలేజీ గోల్ఫర్లకిచ్చే హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ అందుకున్నాడు. 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో బోణీ కొట్టాడు. అందరినీ ఒకే మూసలో పోయాలని చూసే కోచ్‌లకు ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు.

ఇక బుర్ర సంగతి. క్రికెట్‌లో బౌలర్ ఆలోచించే తీరిక ఇవ్వడు. గోల్ఫ్‌లో బంతి కదలకుండా ఎదురుచూస్తుంది, ఆలోగా లేనిపోని భయాలన్నీ ముసురుకుంటాయి. 2022 ట్రావెలర్స్ చాంపియన్‌షిప్‌లో చివరి హోల్‌కు ఒక స్ట్రోక్ ఆధిక్యంతో వచ్చిన సాహిత్, బంకర్ (ఇసుక గుంట)లో పడిన బంతిని ఒక్క దెబ్బకు బయటికి తీయలేక టైటిల్ చేజార్చుకున్నాడు. ధ్యాస ఎక్కడ నిలపాలన్న దానిపై 1999లో పరిశోధకురాలు గాబ్రియేలె వుల్ఫ్ బృందం కొత్తగా నేర్చుకునేవాళ్లతో ప్రయోగం చేసింది. తమ చేతులను గమనించుకున్నవాళ్లకన్నా, క్లబ్ ఊపును గమనించినవాళ్లే బంతిని గురికి దగ్గరగా చేర్చారు.

2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో మళ్లీ బంకరే. క్లబ్ వెనక్కి తీస్తుండగా ఇసుక తగిలినట్టు సాహిత్‌కు అనిపించింది. అలా తగలకూడదన్నది నిబంధన. ఎవరూ అడగకముందే తానే చెప్పి రెండు స్ట్రోకుల పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి రెండో స్థానంలోని కొలిన్ మోరికావాకు సరిగ్గా రెండు స్ట్రోకుల దూరంలో మూడోవాడిగా మిగిలాడు. ఇసుక రేణువుల్ని పట్టుకున్న ఆ ధ్యాసకు నా లెక్కలో ఏ ట్రోఫీ సాటిరాదు.

గోల్ఫ్ ఖరీదైన ఆటే, కాదనలేం. అయినా జల్‌పల్లి వాళ్లకు గోల్కొండ పక్కన, నయాఖిలాలో 18 హోళ్ల కోర్సు మరీ దూరమేమీ కాదు. నేర్చుకోవాలనుంటే మొదటే డ్రైవర్ అనే పొడవాటి క్లబ్ జోలికి పోకండి. ఏడో నంబర్ ఐరన్‌తో, సగం స్వింగ్‌తో మొదలుపెట్టండి.