మెట్లు దిగిన పాట

మా నాన్నకి 74 ఏళ్లు. మూడేళ్ల కిందట చెవుడు మొదలయింది. "నాన్నా, మాత్ర వేసుకున్నావా?" అంటే "పాత్రా? ఏ పాత్ర?" అనేవారు. పిల్లలు మొదట్లో నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. ఆ తర్వాత ఆయనే మాట్లాడడం మానేశారు. ఏమడిగినా ఒకటే జవాబు... "ఊఁ". భోజనాల దగ్గర అందరం కబుర్లు చెప్పుకుంటుంటే, కంచంలోకి చూస్తూ తినేసి లేచి వెళ్లిపోయేవారు. ఆ "ఊఁ" విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది.

రెండేళ్ల కిందట వినాయక చవితికి మా వీధి చివర పందిట్లో పాటల కచేరీ పెట్టారు. నేను వరండాలో నాన్న పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. చూద్దును కదా, ఆయన కుడిచేతి రెండు వేళ్లూ కుర్చీ చేతిమీద నడుస్తున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, తాళం తప్పకుండా!

నేను అడక్కుండానే అన్నారు. "బేస్ కుర్రాడు బాగా వాయిస్తున్నాడు. రెండో చరణంలో మాత్రం తప్పాడు."

ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి విని ఎన్నాళ్లయిందో!

అటక మీది గిటారు

1980ల్లో నాన్న ఓ ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవారు. పగలు ఆఫీసు, రాత్రి పెళ్లిళ్లూ పందిళ్లూ. "పాటంతా వెతికినా మీ వాయింపు ఎక్కడుందో నాకు వినపడదు" అని అమ్మ ఏడిపించేది. "వినపడక్కర్లేదు. తీసేస్తే తెలుస్తుంది" అనేవారు నాన్న. అమ్మ పోయాక గిటారు అటకెక్కింది.

మరి మా మాటే వినపడని మనిషికి పందిట్లో బేస్ ఎలా వినపడింది? చెవి డాక్టరుగారిని అడిగాను. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా తగ్గేది పైస్థాయి శబ్దాల వినికిడేనట. స, శ, త లాంటి హల్లులు మనిషి చెవికి స్పష్టంగా అందాలంటే ఆ పైస్థాయి కావాలి. అందుకే మనం మాట్లాడుతున్నామని వాళ్లకి తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. కింది శబ్దాలు చాలామందికి మరి కొంతకాలం నిలుస్తాయి. బేస్ గిటార్‌లో లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు, సన్న తీగ 98 సార్లు కంపిస్తాయి. మేం కేకలు పెట్టి తలుపు తట్టింది ఓవైపు, ఆయనకి తెరిచి ఉన్న తలుపు ఇంకోవైపు!

ఆ రాత్రే అటకెక్కాను. రెక్సిన్ సంచి చిరిగిపోయింది, తీగలు తుప్పు పట్టాయి. కొత్త తీగలు వేయించాను. "43 ఏళ్లొచ్చాక గిటారేమిటే?" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. నేను చిన్నప్పుడు వర్ణాల దాకా సంగీతం నేర్చుకున్నదాన్ని. ఆ ధైర్యమే నాది.

"విన్నావా, చూశావా?"

మొదట్లో సులువు దారే పట్టాను. ఏ తీగ మీద ఎన్నో మెట్టు నొక్కాలో అంకెలు వేసిన కాగితాలు ఫోన్లో బోలెడు దొరుకుతాయి. వాటిని ట్యాబ్ అంటారు. ఓ పాట అలా వారంలో వచ్చేసింది. గర్వంగా నాన్న ముందు వాయించాను. ఆయన గిటారు చెక్క మీద అరచెయ్యి ఆనించి విన్నారు. తల అడ్డంగా ఊపారు.

"పాట విన్నావా అమ్మా, కాగితం చూశావా?"

నాకు జవాబు లేదు. కాగితం తీసేస్తే రెండు తాళాలు కూడా వాయించలేను మరి!

తర్వాత ఆయన తన పాత నోటుపుస్తకం తీశారు. ఇళయరాజాగారు తన పాటలకి ప్రతి వాద్యం ఏం వాయించాలో పాశ్చాత్య పద్ధతిలో కాగితం మీద రాసి ఇస్తారు. స్టూడియోలో వాళ్లు అది చూసి వాయిస్తారు. ఊళ్లో ఆర్కెస్ట్రాకి ఆ కాగితం ఎవరిస్తారు? 1989లో 'గీతాంజలి' క్యాసెట్టు రాగానే నాన్న కొనుక్కొచ్చి, టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించి, నాలుగేసి సెకన్లు విని, వెనక్కి తిప్పి, మళ్లీ విని, స్వరాలు రాసుకున్నారు. బ్యాటరీలు నీరసిస్తే టేపు నెమ్మదించి శ్రుతి దిగిపోయేదట. అందుకని రోజూ ముందు క్యాసెట్టుకి గిటారుని శ్రుతి చేసుకునేవారు. బ్యాటరీ అయిపోకుండా క్యాసెట్టుని పెన్సిలు పెట్టి తిప్పేవారు. ఒక్క పాటకి పది రోజులు పట్టేది!

నాకూ అదే దారి చూపించారు. గిటారు ముట్టుకోకుండా మూడు రోజులు వినమన్నారు. తర్వాత బేస్ వరసని నోటితో పాడమన్నారు. "నోటికి రానిది వేలికి రాదు" అన్నది ఆయన సూత్రం. పాడడం వచ్చాక 'స' ఎక్కడుందో పట్టుకోవాలి. తర్వాత ప్రతి ఆవర్తం మొదటి దెబ్బకి ఏ స్వరం పడుతోందో రాసుకోవాలి. మధ్యలోవి చివర పూరించుకోవాలి. బేస్ గిటార్‌లో ఒక తీగ నుంచి పక్క సన్న తీగకి దూరం స నుంచి శుద్ధ మధ్యమం అంత. అది అర్థమయ్యాక నాకు చేతిలో ఉన్నది కొత్త వాద్యం అనిపించలేదు.

పేరు లేని పెద్దలు

నేర్చుకుంటూ చదవడం మొదలుపెట్టాను. బేస్ వాయించేవాళ్ల పేర్లు అమ్మ మాటలాగే ఎవరికీ వినపడవు. అమెరికాలో మోటౌన్ సంస్థ పాటలకి జేమ్స్ జేమర్సన్ 1960లంతా ఒకే వేలితో అద్భుతాలు చేశారు. ఆ సంస్థ రికార్డు మీద ఆయన పేరు తొలిసారి పడింది 1971లో, మార్విన్ గే ఆల్బమ్‌తో. 1983లో ఆయన పోయారు. 1989లో ఆలన్ స్లట్‌స్కీ అనే సంగీతకారుడు ఆ వరసల్ని స్వరాలుగా రాయించి పుస్తకం వేశారు. విని రాసుకున్న కాగితమే కదా ఆ మహానుభావుణ్ని నిలబెట్టింది!

ఇంకొకరు కేరోల్ కే. 1935లో పుట్టారు. గిటారు వాయించేవారు, పాఠాలు చెప్పేవారు. 1963లో ఓ రికార్డింగ్‌కి బేస్ మనిషి రాకపోతే ఆ పని ఈవిడ అందుకున్నారు. తర్వాత లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో వేలాది పాటలకి వాయించారు, మగవాళ్ల మధ్య దాదాపు ఒంటరి ఆడమనిషిగా. 1969లో బేస్ నేర్పే పుస్తకం కూడా రాశారు. ఆవిడ వాయించిన పాట ఒకటి నేర్చుకుని తీరాలనుకున్నాను.

బీచ్ బాయ్స్ బృందం 1966లో పాడిన 'గాడ్ ఓన్లీ నోస్' తీసుకున్నాను. పల్లవి దగ్గర గిటారు కార్డులు చూసి, వాటి పేర్లనిబట్టి మ - స - రి అని రాసేశాను. నాన్నకి పెద్ద స్పీకరు మీద వినిపించాను. ఇంగ్లీషు పాట, ఎన్నడూ విననిది. రెండుసార్లు విని చెప్పారు.

"మెట్లు దిగుతున్నాడే అమ్మా. నువ్వు మధ్యలో కిందికి దూకేశావు."

మళ్లీ విన్నాను. నిజమే! మ - గ - రి. పైన కార్డు 'స'దే, కానీ కింద బేస్ పలికింది 'గ'. అందుకే ఆ చోట పాట నేలమీద నిలబడదు, తేలుతూ దిగుతుంది. కార్డు పేరు చూసి ఊహిస్తే ఈ అందం చేజారిపోయేది.

అప్పుడు నాన్న మెల్లగా అడిగారు. "పైన ఏం పాడుతున్నారే? నాకు అందడం లేదు."

నా గొంతు పట్టేసింది. ఆయన అరచేతిని నా గుండె దగ్గర ఆనించుకుని, ఆ వరసని కింది శ్రుతిలో పాడి వినిపించాను. ఆ రోజునుంచీ నోటుపుస్తకంలో రెండు వరసలు. పైది నా దస్తూరీ, కిందిది ఆయన దస్తూరీ.

అద్భుతాలేం జరగలేదు. చెవుడు పోలేదు. కానీ రెండేళ్లుగా వద్దన్న వినికిడి యంత్రం పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు, 'పైన ఏం పాడుతున్నారో' వినాలని. మొన్న భోజనాల దగ్గర మా అబ్బాయిని పట్టుకుని, "నీ పాటల్లో బేస్ ఉంటుందా, ఉత్త చప్పుడేనా?" అని గొడవపెట్టుకున్నారు. వాడు బిత్తరపోయాడు. నాకు మాత్రం పండగే!

మీ ఇంట్లోనూ "ఊఁ" అని ఊరుకునే పెద్దవాళ్లుంటే, గొంతు పెంచే ముందు ఒక్కసారి వాళ్ల వేళ్లవైపు చూడండి.

మీరూ నేర్చుకోవాలనుకుంటే...

* ఫోన్ స్పీకర్లో బేస్ సరిగా పలకదు. హెడ్‌ఫోన్‌గానీ పెద్ద స్పీకరుగానీ వాడండి. శబ్దం మితంగా ఉంచండి, ఉన్న వినికిడి పోగొట్టుకోకూడదు.

* శ్రుతి మారకుండా వేగం తగ్గించే సదుపాయం ఇప్పుడు ఫోన్లలోనే ఉంది. సగం వేగంతో మొదలుపెట్టండి.

* స్వరం అందకపోతే పాటని ఒక స్థాయి పైకి పెంచి వినండి. గొణుగుడులా ఉన్నది స్పష్టమవుతుంది.

* రోజుకి రెండు ఆవర్తాలు రాస్తే చాలు. పెన్సిల్‌తోనే రాయండి, చెరపక తప్పదు!

* ట్యాబ్ చూడొచ్చు, అయితే మీరు రాయడం పూర్తయ్యాకే. తేడా వచ్చినచోట చెవినే అడగండి.