లె మిలియన్

లె మిలియన్ 1931లో విడుదలైన ఫ్రెంచి సంగీత హాస్య చిత్రం. దీనికి రెనే క్లేర్ దర్శకత్వం వహించాడు. పేరుకు 'పది లక్షలు' అని అర్థం. జార్జ్ బెర్, మార్సెల్ గియ్మో రచించిన నాటకం దీనికి ఆధారం.

నేపథ్యం

మాటల చిత్రాలు వచ్చిన కొత్తలో క్లేర్ వాటిని అనుమానంతో చూశాడు. ఎడతెగని సంభాషణల వలన సినిమా కేవలం నాటకానికి నకలుగా మిగిలిపోతుందని ఆయన భయం. అయినా ధ్వనిని నిరాకరించి ఊరుకోక, దానిని దృశ్యానికి భిన్నంగా వాడే మార్గాన్ని వెదికాడు. 1930లో 'సూ లె త్వా ద పారి' చిత్రంతో మొదలుపెట్టిన ఆ ప్రయత్నం ఇందులో మరింత పరిణతి పొందింది.

కథ

మిషెల్ పారిస్ నగరంలో నివసించే పేద చిత్రకారుడు. అప్పులవాళ్ళు అతనిని వెంటాడుతూ ఉంటారు. ఒపేరాలో నర్తకి అయిన బెయాత్రిస్‌తో అతనికి వివాహం నిశ్చయమైంది. అతని డచ్చి లాటరీ టిక్కెట్టుకు పది లక్షల ఫ్లోరిన్ల బహుమతి వస్తుంది. కాని ఆ టిక్కెట్టు ఒక పాత కోటు జేబులో ఉంది. మిషెల్ వేరొక యువతితో చనువుగా ఉండటం చూసి అలిగిన బెయాత్రిస్, పోలీసులనుండి తప్పించుకొని వచ్చిన తూలిప్ అనే దొంగకు ఆ కోటును ఇచ్చివేసింది. పాతసామాన్ల దుకాణం నడిపే తూలిప్ వద్దనుండి అది ఒపేరా గాయకుడు సొప్రనెల్లికి చేరుతుంది. మిషెల్, అతని మిత్రుడు ప్రోస్పేర్, ఇంకా పలువురు కోటుకోసం ఒపేరా మందిరమంతా పరుగులు తీస్తారు. చివరకు తూలిప్ టిక్కెట్టును తిరిగి ఇవ్వటంతో, అప్పులవాళ్ళతో సహా అందరూ కలిసి నృత్యం చేస్తారు.

నటీనటులు

* రెనే లెఫేవ్ర్ - మిషెల్
* అన్నాబెల్లా - బెయాత్రిస్
* జాఁ-లూయీ అలిబేర్ - ప్రోస్పేర్
* పాల్ ఒలివియే - తూలిప్

సాంకేతిక వర్గం

* ఛాయాగ్రహణం - జార్జ్ పెరినాల్
* కళ - లజార్ మీర్సన్
* సంగీతం - అర్మాఁ బెర్నార్, ఫిలిప్ పారెస్, జార్జ్ వాన్ పారిస్

విశేషాలు

అలిగిన ప్రేమికులిద్దరూ ఒపేరా రంగస్థలంపై దృశ్యాలంకరణ చాటున చిక్కుకుపోయే ఘట్టం సుప్రసిద్ధమైనది. ముందువైపు ఒకరంటే ఒకరికి గిట్టని స్థూలకాయ గాయనీగాయకులు ప్రేమగీతం పాడుతుంటారు. వెనుక ఆ ఇద్దరూ ఒక్క మాటైనా పలుకకుండా, ఆ పాట వింటూనే రాజీపడతారు. పాడేవారిలో లేని ప్రేమ వినేవారిలో కలగటమే ఇక్కడి హాస్యం. సంభాషణ లేకుండా ధ్వనితోనే కథ నడపవచ్చునని కూడా ఈ ఘట్టం నిరూపించింది. కోటుకోసం జరిగే పెనుగులాటకు రగ్బీ ఆట శబ్దాలను జోడించటం మరొక ఉదాహరణ.

మార్క్స్ సోదరుల 'ఎ నైట్ ఎట్ ది ఒపేరా' (1935) చిత్రానికి దీనితో పోలికలున్నాయని విమర్శకులు పేర్కొన్నారు. క్లేర్ 1960లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికయ్యాడు.