మూజువాణిలో కలిసిపోయే ఓటు

2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. సభలో టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. కోట్లమంది తెలుగువాళ్ల భవిష్యత్తు తేల్చిన ఆ బిల్లుపై ఏ ఎంపీ ఎటు ఓటేశారో పేరుపేరునా చెప్పే పట్టిక లేదు.

మన చట్టసభల్లో అత్యధిక బిల్లులు ఇలాగే గట్టెక్కుతాయి. సభ్యుల కేకలు విని సభాపతి ఫలితం ప్రకటిస్తారు. ఎవరైనా డివిజన్ (ఓట్ల లెక్కింపు) కోరితేనే లెక్క తేలేది. అప్పుడు లోక్‌సభలో మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, లాబీల తలుపులు మూస్తారు, సభ్యులు సీట్ల దగ్గరే మీటలు నొక్కుతారు. అనుకూలమైతే ఆకుపచ్చ, వ్యతిరేకమైతే ఎరుపు, తటస్థమైతే పసుపు.

మీట మీద వేలు సభ్యుడిదే, ఆదేశం మాత్రం పార్టీది.

1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేసినా, ఓటేయకపోయినా సభ్యత్వం పోవచ్చు. పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తే సరి. 2013లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానంలో విప్ మీరినందుకు కాంగ్రెస్, తెలుగుదేశం ఎమ్మెల్యేలపై అనర్హత వేటు పడింది.

ప్రభుత్వాన్ని నిలబెట్టే ఓటుకు ఆ కట్టడి అవసరమే. సాగునీటిపైనో చదువుపైనో వచ్చే మామూలు బిల్లుకూ అదే బెదిరింపు ఉంటే నియోజకవర్గం గొంతు ఎక్కడ వినిపిస్తుంది? విప్‌ను కొన్ని కీలక ఓట్లకే పరిమితం చేయాలని ఎంపీ మనీశ్ తివారీ ప్రైవేటు బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. ఈసారి ఓటడగడానికి వచ్చిన ఎంపీని, ఏ బిల్లుకు ఏ మీట నొక్కారో అడగండి.