వృద్ధసేవకులకు విద్య

చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యను నాలుగు పాదములు కలవని చరకాచార్యుడు నిర్ణయించెను. పరిచారకునకు ఉపచారజ్ఞత, దాక్ష్యము, అనురాగము, శౌచము అను నాలుగు గుణము లుండవలయునని యాయన విధించియున్నాడు. ఇన్ని శతాబ్దములు గడచినను ఈ విషయమున నింతకంటె చక్కని మాట పుట్టలేదు. వైద్యుని విద్యకై కళాశాలలు కట్టితిమి; ఔషధములకై కర్మాగారములు నెలకొల్పితిమి; పరిచారకుని మాత్రము మరచితిమి. మూడు పాదములపై నడచు చికిత్స కుంటుచున్నదన వింత యేమున్నది?

1951 జనగణనమునాటికి మన దేశమున 60 ఏండ్లు దాటినవారు సుమారు 2 కోట్లు. 2011 నాటికి వారి సంఖ్య 10 కోట్ల 38 లక్షల కెక్కెను. 2050 నాటికి ప్రతి యైదుగురిలో నొకరు ఆ వయస్సువారగుదురని ఐక్యరాజ్యసమితి జనాభానిధివారి యంచనా. పొలములు, వాకిళ్లు గల కుటుంబముల బిడ్డలు నేడు డాలసులోను మెల్‌బోర్నులోను ఉద్యోగములు చేయుచున్నారు. తలిదండ్రులు హైదరాబాదు మేడలలో మిగిలియున్నారు. కొడుకును కోడలును చేయవలసిన యుపచారము జీతమునకు వచ్చిన పరాయి స్త్రీ చేతిలో బడినది. తలిదండ్రులను దైవములుగ నెంచుమని యుపనిషత్తు చెప్పినది గదా! ఆ దైవమునకు నిత్యార్చన చేయు పూజారికి అక్షరాభ్యాసమైనను చేయింపనివారము మనమే.

ఈ సేవకురాండ్రెవరు? వికారాబాదు మార్గమున వచ్చి నాంపల్లి స్టేషనులో దిగువారు కొందరు. వానలు లేక, అప్పు తీరక, భర్త పోయి పట్టణము చేరినవారు పలువురు. బ్యూరోవారు పేరు వ్రాసికొని, ఆధారు కార్డు చూచి, కమిషను పట్టుకొని, ఆ సాయంకాలమే పక్షవాతముతో మంచము పట్టిన వృద్ధుని యింటికి బంపుదురు. పండ్రెండు గంటలు కొలువు, కొన్నియెడల రాత్రింబవళ్లు. పాఠ మొక్కటియు లేదు.

ఈ యజ్ఞానమునకు మూల్యము చెల్లించువాడు రోగి. కదలలేని మనిషిని రెండేసి గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పనియెడల వీపునను పిరుదులయందును పుండ్లు పడును. అవి యెముక దాక లోతుపోయి ప్రాణము తీయుటయు కలదు. పరుండబెట్టి గంజి పోసినచో నది ఊపిరితిత్తులలో జొచ్చి న్యుమోనియా తెచ్చును. కూర్చుండబెట్టి మెల్లగ తినిపించి, పిదప నరగంట యటులే యుంచవలయును. మతిమరపు వ్యాధిగల ముదుసలి సందెవేళ “ఇంటికి పోదు”నని తలుపు తట్టినప్పుడు గద్దించిన భయము హెచ్చును. మాట మరలించిన శాంతించును. ఇవి కొలది దినములలో నేర్పదగిన సంగతులే.

అమెరికాలో వృద్ధుల శుశ్రూషాలయములందు పనిచేయు సహాయకులకు కనీసము 75 గంటల శిక్షణ యుండవలయునని 1987 నాటి శాసనము విధించినది. జపానులో ప్రారంభశిక్షణ 130 గంటలు. ఆస్ట్రేలియాలో వృద్ధసంరక్షణపై విచారించిన రాయల్ కమీషను తన తుది నివేదికను 2021లో వెలువరించి, సేవకులందరికిని కనీసార్హత నియమింపవలయునని కోరినది. మన దేశమున 2007లో తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. పిల్లలచేత భరణ మిప్పించుటకు ట్రిబ్యునళ్లును, జిల్లాకొక్కటి చొప్పున 150 మందికి తక్కువకాకుండ వసతిగల వృద్ధాశ్రమములును అందు చెప్పబడినవి. ఇంటివద్ద సేవచేయువారి శిక్షణమాట 2019లో లోక్‌సభ ముందుంచిన సవరణబిల్లులో కనబడినది గాని యా బిల్లు చట్టము కాలేదు. కేంద్రమున జాతీయ సామాజిక రక్షణ సంస్థవారు వృద్ధపరిచారకులకు శిక్షణ నిచ్చుచున్నారు. నైపుణ్యమండలివారు అర్హతాపత్రముల నేర్పరచినారు. మంచిదే. కాని నాంపల్లిలో దిగిన యా స్త్రీకి వారమంతయు కొలువే. ఆమె తరగతికి పోవు టెప్పుడు?

ఇచ్చటనే సెల్‌ఫోను ప్రసక్తి వచ్చుచున్నది. ఆబిడ్సు జగదీశ్ మార్కెటులో పాతదో క్రొత్తదో యొక ఫోను కొననివారు నేడు అరుదు. 2020లో మహమ్మారివేళ కేంద్రప్రభుత్వము ఆరోగ్యసిబ్బందికి ఆన్‌లైనులోనే పాఠములు చెప్పించినది. దూరవిద్య మన కపూర్వము గాదు. దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో వెలసినది మన గడ్డమీదనే. 2017లో హైదరాబాదులో నారంభమైన వృద్ధుల సహాయవాణి, 2021లో 14567 సంఖ్యతో దేశవ్యాప్తమైనది. వృద్ధుని మొర ఫోనులో వినగలిగినవారము, వృద్ధసేవకురాలికి పాఠము ఫోనులో చెప్పలేమా?

చరకుని నాలుగు గుణములను గీటురాయిగ గొని చూతము. ఉపచారజ్ఞత ఫోనుద్వారా వచ్చును. రోగి నిద్రించువేళ పదినిమిషములు చూడదగిన దృశ్యపాఠములు కావలయును. అవి తెలుగునను, ఉర్దూలోను, చదువురానివారికి సైతము తెలియునట్టి పలుకుబడిలో నుండవలయును. ఇంగ్లీషు పాఠమునకు తెలుగు ముసుగు వేసిన చాలదు. శౌచము కొంత పాఠముచేతను, కొంత పర్యవేక్షణచేతను అలవడును. దాక్ష్యము మాత్రము తెరమీద రాదు. బరువైన మనిషిని నడుము నొప్పి కలుగకుండ లేపుట, మూత్రనాళిక యున్నవారిని శుభ్రపరచుట చేతితో చేసి చూపవలసిన విద్యలు. ఈత పుస్తకము చదివి నూతిలో దిగువాడు మునుగకుండునా? కేవలము ఫోనుపాఠములు విని యర్హతాపత్రము పొందు పద్ధతి వచ్చెనేని అది సేవకురాలికిని మోసము, రోగికిని మోసము.

దీనికి త్రోవ ఈ పేటలలోనే కలదు. 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారు నెలకొల్పిన రెడ్డి హాస్టలు ఆబిడ్సులోనిదే. 1943లో అచ్చటనే పుట్టిన సారస్వత పరిషత్తు, తెలుగు బడులు కరవైన యా దినములలో విశారదాది పరీక్షలు పెట్టి, ఇండ్లలో చదువుకొన్నవారికి యోగ్యత కల్పించినది. 1935లో స్థాపితమైన హిందీ ప్రచారసభయు నాంపల్లిలో నీ మార్గమునే నడచినది. చదువు ఇంటివద్ద, పరీక్ష ప్రజాసంస్థవద్ద: ఇదియే వారి పద్ధతి. నాంపల్లి ప్రదర్శనశాల మైదానమున స్త్రీల పాలిటెక్నిక్కును నడపుచున్న ఎగ్జిబిషన్ సొసైటీవంటి సంస్థలు, ఆసుపత్రుల తోడ్పాటుతో, నెలకు రెండు ఆదివారములు నాలుగు మంచములు వేసి అభ్యాసము చేయించి పరీక్షించిన నెంత యుపకారము!

ఇక మిగిలినది అనురాగము. దీనిని పాఠశాల నేర్పజాలదు. యజమాని నడవడి నేర్పును. వేరు కంచము పెట్టి, వంటయింటి మూల పడుకొనుమని చెప్పి, తన తల్లిని ప్రేమతో చూడుమని యామెను కోరుట న్యాయమా? కుష్ఠువ్యాధి సోకిన సంస్కృతపండితుడు పర్చురేశాస్త్రికి సేవాగ్రామమున గాంధీమహాత్ముడు స్వహస్తములతో శరీరమర్దనము చేసెను. ఆ పని హీనమైనదైనచో మహాత్ముడు చేసియుండునా? పరిచర్యను నీచవృత్తిగ నెంచు దురాచారము పోవనిదే యే శిక్షణయు ఫలింపదు.

కావున యజమానులు చేయవలసినవి మూడు. పాఠమునకు వెచ్చించిన గంటను కొలువులోనే లెక్కింపవలయును. ఫోను రీచార్జి తాము భరింపవలయును. పరీక్షలో నెగ్గినవారికి జీతము పెంచవలయును. జీతము పెరుగని చదువుపై పేదరాలికి మోజెట్లుండును? ప్రభుత్వము బ్యూరోల నమోదును నిర్బంధము చేసి, శిక్షణ లేనివారిని పంపకుండ కట్టడి చేయవలయును.

పొలమున దుక్కికి వచ్చినవానికి నాగలి పట్టుట తెలియునా యని విచారించి పనిలో బెట్టుకొను మనము, తల్లి మంచముకడకు వచ్చినదాని నొక్క ప్రశ్నయైన నడుగుటలేదు. నేడు ఆ ప్రశ్న నడుగుదము, రాదన్నచో నేర్పింతము. మనకును ఆ మంచము తప్పదు.